చెయ్యి మంచిదని కట్టిన మూట

నా చిన్నప్పుడు పరీక్ష అనే మాట నేను మొదట విన్నది బళ్ళో కాదు, మా తాతయ్య నోట. అదీ వడ్ల గురించి. పామర్రు దగ్గర మా ఊళ్ళో ఆ ఏడు కోతల వేళ తుఫాను పట్టి వరి కుప్పలన్నీ తడిసిపోయాయి. ఎండబెట్టి, తూర్పారబట్టి, విత్తనానికని రెండు బస్తాలు దాచాడే కాని, ఆ గింజ మొలుస్తుందన్న నమ్మకం తాతయ్యకి లేదు. ఎండాకాలం అయిపోయింది. రేపో మాపో కాలవకి నీళ్ళు వదులుతారన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుకోవడం తగ్గించేశారు. అరుపులకి నేనెప్పుడూ భయపడలేదు కాని, ఆ మౌనానికి మాత్రం హడలిపోయేదాన్ని.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. కంగారు నాకు పుట్టుకతో వచ్చింది. పలక పగిలితే జ్వరం తెచ్చుకునే రకం. అలాంటి నన్ను పిలిచి తాతయ్య నూరు గింజలు లెక్కపెట్టించాడు. ఆయన రెండు కళ్ళలోనూ శుక్లాలు. గింజ వేలికి తగిలేది కాని సన్నటి మొలక కంటికి ఆనేది కాదు. ఆ నూరూ నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, ఆరిపోకుండా నీళ్ళు చిలకరిస్తూ ఉండాలి. మూడో రోజున విప్పి ఎన్ని మొలిచాయో చెప్పాలి. నేను ముడి వేస్తుంటే మా అమ్మమ్మతో, "దీని చెయ్యి మంచిదే, దీన్నే కట్టనీ" అన్నాడు.

ఆ ఒక్క మాట నా కొంప ముంచింది. ఆయన పరీక్ష పెట్టింది గింజలకి. నేను మాత్రం నా చేతికే పెట్టాడనుకున్నాను. మా వైపు పాదు పెట్టాలన్నా, ఆవకాయ కలపాలన్నా చెయ్యి మంచివాళ్ళని చూసి పిలుస్తారు. గింజలు మొలవకపోతే నా చెయ్యి మంచిది కాదని ఊరంతా తెలిసిపోతుంది, ఇక నన్నెవరూ దేనికీ పిలవరు. మూడు రోజులూ నాకు వేరే ధ్యాస లేదు. గంటకోసారి వెళ్ళి ఆ మూటని ముట్టుకుని వచ్చేదాన్ని.

మూడో రోజు పొద్దున్నే ఎవరూ లేకుండా చూసి విప్పాను. నలభై ఆరు. మళ్ళీ లెక్కపెడితే నలభై అయిదు. ఇంకోసారి పెడితే నలభై ఆరే. మిగతావన్నీ ఉబ్బి, మెత్తబడి, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నాయి. నా అరచేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

పక్కింటి అక్క వాళ్ళ కొట్టంలో అప్పటికే మండె కట్టి ఉంది. అంటే నానిన వడ్లని గోనెలో పోసి, పైన గడ్డి కప్పి, ఉడుకుకి మొలకెత్తడానికి ఉంచారన్నమాట. గడ్డి కిందికి చెయ్యి పెడితే జ్వరం వచ్చిన ఒళ్ళులా కాలింది. గుప్పెడు తీసుకుని పరికిణీ కుచ్చెళ్ళలో దాచుకుని పరుగెత్తాను. మా మూటలో మొలవని వాటిని ఏరి దొడ్లో పారేసి, తెచ్చినవాటిలో మొలిచినవి ఆ చోట పెట్టాను. నూటికి నూరూ పెడితే అనుమానం వస్తుందని తొమ్మిది చచ్చు గింజలు ఉంచాను. ఆ తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"తొంభై ఒకటి, తాతయ్యా" అన్నాను.

ఆయన మొలకల మీద వేలికొసతో మెల్లిగా రాసి, "నే చెప్పలా, దీని చెయ్యి మంచిదని!" అన్నాడు. అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళందరికీ చెప్పాడు. మా అమ్మమ్మ బీరకాయ చెక్కు తీస్తూ, "అమ్మయ్య, నారు దెబ్బతిందంటే ఏడాది పొడుగునా తిండికి తడుముకోవాల్సిందే" అంది. మధ్యాహ్నం కంచం ముందు నుంచి సగంలోనే లేచిపోయాను.

మర్నాడు పొద్దున విత్తనం బస్తాలు నానవేయడానికి, కొత్తగా కాలవ నీళ్ళు పారుతున్న పొలం బోదె దగ్గరికి బయలుదేరాం. ముందు బండి మీద బస్తాలు, వెనక తాతయ్య చెయ్యి పట్టుకుని నేను. గట్టు మీద ఆయన చెయ్యి నా చేతిలో ఎంత ధీమాగా ఉందంటే, నేను ఎటు నడిపిస్తే అటు వస్తున్నాడు. గోతిలోకి తీసుకెళ్ళినా వచ్చేలా ఉన్నాడు. అది నేను తట్టుకోలేకపోయాను. అక్కడే కూలబడి వెక్కుతూ అంతా చెప్పేశాను.

తిడతాడనుకున్నాను. "అసలు ఎన్ని మొలిచాయే?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"సగం మొలవదని తెలిస్తే రెట్టింపు చల్లుకుంటా. చాలకపోతే ఇవాళే ఎవర్నయినా అడుగుతా. తొంభై ఒకటని నమ్మి చల్లేస్తే పది రోజులకి కాని తెలిసేది కాదు, అప్పుడేం చేసేవాణ్ణి చెప్పు? గింజ మొలవకపోవడం నీ తప్పు కాదమ్మడూ. అది వానలో తడిసింది. నాకు చెప్పకపోవడమే నీ తప్పు."

బస్తాలు నీళ్ళలో దించకుండానే బండి వెనక్కి తిప్పించాడు. ఇంటికి రాగానే ఇంకో నూరు గింజలు నా ముందు పోశాడు. నేను వద్దని ఏడ్చాను, అమ్మమ్మని కట్టమన్నాను. ఆయన వినలేదు. "నువ్వే కట్టాలి" అన్నాడు. ఈసారి నలభై ఎనిమిది మొలిచాయి. విత్తనం అడగడానికి వెళ్ళినచోట నలుగురిలో, "మా మనవరాలు నలభై ఎనిమిదంది" అని చెప్పాడు. తొంభై ఒకటని చెప్పుకున్నప్పుడు కూడా ఆయన గొంతులో అంత గర్వం లేదు.

ముప్పయి రెండేళ్ళుగా బెజవాడలో డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. మొన్న ఇంటర్నల్ పరీక్ష పేపర్లు దిద్దితే అరవై మందిలో సగానికి పైగా మోల్ లెక్క దగ్గరే ఆగిపోయారు. నేను బాగానే చెప్పాననుకున్న పాఠం అది. ఎర్ర పెన్ను పక్కన పెట్టి నా అరచేతుల్ని చూసుకున్నాను. అదే పాత భయం. ఇవి వాళ్ళ మార్కులా, నా చేతివా? సాయంత్రానికి కంప్యూటర్‌లో ఎక్కించాలి. మా హెచ్.ఓ.డి. ఒకప్పుడు నా స్టూడెంటే. వచ్చి పక్కన నిలబడి, ఇబ్బందిగా, "కాలేజీ తనిఖీకి కమిటీ వస్తోంది కదా మేడమ్, అందరికీ కాస్త పైన ఉండేట్టు వేసేయండి. అన్ని సెక్షన్లలోనూ అంతేనండీ" అంది. ఆమె మీదా ఒత్తిడి ఉంది, నాకు తెలుసు. వేసేస్తే ఎవరూ అడగరు. పిల్లలు సంతోషిస్తారు, ఫైనల్ పరీక్ష దాకా.

ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను. నేనేమీ ధైర్యవంతురాల్ని కాను.

"ఇప్పుడేం చేద్దామండీ?" అంది హెచ్.ఓ.డి., తల పట్టుకుని.

"రెట్టింపు చల్లుతానమ్మా" అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. రేపటి నుంచి ఎనిమిదింటికే క్లాసని, అదే పాఠం ఇంకో దారిలో మొదటినుంచి చెబుతానని, రెండు వారాల తరవాత మళ్ళీ పరీక్ష పెట్టనివ్వమని అడిగాను. టైమ్‌టేబుల్ తెరిచి చూసి సరేనంది. ఆ రెండో పరీక్షలో ఎంతమంది గట్టెక్కుతారో నాకు తెలియదు, ఆ దిగులు అలాగే ఉంది. నా చెయ్యి మంచిదో కాదో కూడా ఇన్నేళ్ళకీ తేలలేదు. కాని దాన్ని నమ్మి పట్టుకుని ఎవరైనా గట్టు మీద నడవచ్చు.