ఆరు వారాల నిబంధన, కోటేశ్వరమ్మ ఆవు

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, పర్చూరు దగ్గర ఒక పల్లె పశువుల ఆసుపత్రికి నన్ను వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. చేరిన నెలకే పై ఆఫీసు ఒక పని అప్పగించింది. పశువుల కంటి క్యాన్సర్‌కు ఆపరేషన్ మేలా, టీకా మేలా తేల్చాలి. వచ్చిన కేసుల్ని వరసగా ఒకటి ఆపరేషన్‌కు, ఒకటి టీకాకు రాయాలి. ఈ టీకా బజార్లో దొరికేది కాదు. ఆ పశువు కంతి నుంచే చిన్న ముక్క తీసి, నూరి, ఫినాల్‌తో కణాలను చంపి, దాని కండకే ఎక్కిస్తాం. శత్రువెవరో ఒంటికి చూపించడమన్నమాట. టీకా వేశాక ఆరు వారాలు కంతికి కత్తి తాకించకూడదు, తాకిస్తే పోలిక చెడుతుంది. సరేనని సంతకం పెట్టింది నేనే.

టీకా వరసలో కోటేశ్వరమ్మ ఆవు పడింది. ఆమెది పొగాకు సేద్యం, ఇంట్లో పాడికి ఉన్నది ఆ ఒక్క సంకరజాతి ఆవే. మన ఒంగోలు పశువులకు రెప్పలు నల్లగా ఉంటాయి, ఎండకు ఓర్చుకుంటాయి. దీనిది తెల్లమొహం, గులాబీ రెప్పలు. లోపలి రెప్ప మీద కంతి లేస్తే, కంట్లో పువ్వు వేసిందనుకుని రెండు నెలలు పొగాకు రసం పిండారు. పొగాకుకు లొంగని జబ్బు లేదని అక్కడివాళ్ల నమ్మకం. నా దగ్గరికి తెచ్చేసరికి కంతి చిక్కుడు గింజంత ఉంది.

టీకా మీద నాకూ ఆశ ఉండేది. మూడో వారానికి కంతి నేరేడుపండంత అయి కనుగుడ్డును పట్టేసింది. మేత తగ్గింది. నాకు భయం వేసింది. పై అధికారికి ఫోన్ చేస్తే ఇంకో మూడు వారాలు ఓపిక పట్టమన్నారు, రికార్డు పాడుచేయొద్దన్నారు. ఆ మాటే కోటేశ్వరమ్మకు చెప్పాను.

"మీ పుస్తకానికి మూడు వారాలు కావాలి, సరేనండి. నా ఆవుకు మూడు వారాలున్నాయా డాక్టరమ్మా?" అంది.

దవడ కింద గ్రంథులు తడిమాను. వాపు లేదు, జబ్బు ఇంకా పాకినట్టు లేదు. ఆగితే ఏమవుతుందో చెప్పలేనన్నాను. ఇప్పుడైతే కన్ను తీసి ప్రాణం నిలపొచ్చన్నాను.

"కన్ను పోతే పోనీండి. ఆవును నిలబెట్టండి."

మర్నాడు పొద్దున్నే ఆవును ఇనుప చట్రంలో నిలబెట్టి, కంటి వెనక నరానికి మత్తిచ్చి, కంతితో సహా కన్ను తీసి రెప్పలు కలిపి కుట్టాను. అంతసేపూ కోటేశ్వరమ్మ ముకుతాడు వదల్లేదు.

వారానికి మెమో వచ్చింది, నిబంధన ఎందుకు మీరారో సంజాయిషీ ఇమ్మని. కంతి ఆగలేదు కనుక నేనూ ఆగలేదని రాశాను. సర్వీసు రిజిస్టరులో హెచ్చరిక ఎక్కింది. ఎక్కనీ. ఆవు ఒంటికన్నుతోనే మరో రెండు ఈతలు ఈనింది. పోయిన కంటి విషయంలో మాత్రం తిలాపాపం తలా పిడికెడు: రెండు నెలలు పొగాకు రసానివి, మూడు వారాలు నావి.

టీకాను తీసిపారేయను. చిన్న కంతికి పనిచేస్తుందేమో, ఆపరేషన్ తర్వాత మిగిలిన కణాల మీద పనికొస్తుందేమో. ఒక్క ఆవును చూసి తీర్పు చెప్పే మనిషిని కాను. కానీ మందుల్ని పోల్చే కాగితం మీద సంతకం పెట్టేముందు, మధ్యలో ఎప్పుడు ఆపాలో అందులో రాసి ఉందా అని చూడాలి. నేను సంతకం పెట్టినదాంట్లో ఆ వాక్యం లేదు. అదే కాగితం ఇవాళ నా ముందు పెట్టినా మళ్లీ కత్తి పడతాను, ఈసారి మూడు వారాలు ఆగకుండా.