కళ్ళు మూసుకోండి అన్నాను

నిన్నటి నుంచి ఆఫీసులో నన్ను మాతాజీ అంటున్నారు. నేనేం కాషాయం కట్టలేదు, ప్రోగ్రాములు రాసుకునేదాన్నే. ఏం జరిగిందో చెప్తాను, నవ్వకుండా వినండి.

సింగపూర్‌లో పాయా లేబర్ అనే చోట మా ఆఫీసు. ఒక బ్యాంకుకి వెబ్‌సైట్ చేస్తున్నాం, లాంచ్ నెత్తిమీదికొచ్చింది. ఈ డాట్‌కామ్‌ల పుణ్యమా అని అందరికీ పరుగే కదా. నాకైతే నిద్ర సరిగ్గా పట్టదు, కూర్చుంటే కాలు ఊగుతూనే ఉంటుంది, మధ్యాహ్నానికి ఒంట్లో సత్తువ ఉండదు. డాక్టరేమో చూసి ఏమీ లేదన్నాడు. అప్పుడు మా ఆయన రవి ఎవరి దగ్గరో సెల్ఫ్ హిప్నాసిస్ క్యాసెట్ సంపాదించుకొచ్చాడు. ఒళ్ళు వదులుగా పెట్టి, కళ్ళు మూసుకుని, నాలో శక్తి నిండుతోంది అని మనకి మనమే చెప్పుకోవాలట.

మా ఇల్లున్న బుకిట్ బటోక్ నుంచి ఆఫీసుకి ట్రైన్‌లో వస్తూ వాక్‌మన్ పెట్టుకుని మొదలెట్టాను. నిజం చెప్పొద్దూ, పనిచేసింది. తలనొప్పి తగ్గింది, హుషారుగా దిగేదాన్ని. ఇంక నా నోరు ఊరుకుంటుందా? పక్క సీటు సునీతకి చెప్పాను, లంచ్‌లో కనపడ్డవాళ్ళందరికీ చెప్పాను.

అది మా మేనేజర్ లిమ్ చెవిన పడింది. నా కాంట్రాక్టు రెన్యూవల్ ఆయన చేతిలోనే ఉంది. టీం అంతా అలిసిపోయారు, బ్యాంకువాళ్ళు డెమోకి వస్తున్నారు, ఈలోపు అందరిచేతా ఒకసారి అది చేయించు అన్నాడు. నేను పొంగిపోయాను.

మీటింగ్ రూంలో లైట్లు తీసేశాను. అందరినీ కుర్చీల్లో వెనక్కి వాలమన్నాను. గొంతు మెత్తగా చేసుకుని, "కళ్ళు మూసుకోండి, రెప్పలు బరువెక్కుతున్నాయి" అన్నాను, ఇంగ్లీషులోనే లెండి. ఎవరికీ బరువెక్కలేదు. ఒకడు పెన్ను టిక్కుటిక్కుమనిపిస్తున్నాడు, ఇంకొకడి పేజర్ మోగింది, సునీత వాచీ చూసుకుంటోంది. ఇలా కాదు, చేసి చూపిద్దామని నేనూ వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను. ఒళ్ళు తేలికవుతోంది అన్నంతవరకే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి లైట్లు వెలుగుతున్నాయి. గుమ్మంలో బ్యాంకువాళ్ళు, పక్కన లిమ్. టీంలో ఒక్కరూ లేరు, ఎవరి సీట్లకి వాళ్ళు వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే, తల వెనక్కి వేలాడేసి, నోరు తెరుచుకుని. గురక కూడా పెట్టానట, సునీత తర్వాత చెప్పింది.

రెన్యూవల్ పోయినట్టే అనుకున్నాను. లిమ్ మాత్రం వచ్చినవాళ్ళని కూర్చోబెట్టాడు, డెమో ఎలాగో గట్టెక్కింది. వాళ్ళు వెళ్ళాక నేరుగా నా సీటు దగ్గరికొచ్చి, టీం అందరి దగ్గరా మిగిలిన బగ్స్ అన్నీ నా పేరు మీద వేసేశాడు.

"టీం అంతా వెరీ టైర్డ్. ఫ్రెష్‌గా ఉన్నది యూ ఓన్లీ, లా" అన్నాడు తన సింగపూర్ ఇంగ్లీషులో.

సెల్ఫ్ హిప్నాసిస్ పనిచేస్తుందా అని ఎవరైనా అడిగితే చేస్తుందనే చెప్తాను. మిగతావాళ్ళ పని కూడా మనచేత చేయిస్తుంది.