మైకుకి ఎదురు కిటికీ

నన్ను అనుమానించడానికి మా వీధిలో ఎవరి కారణాలు వాళ్ళకున్నాయి. కోపం లేదని చెప్పను, ఉంది. కాకపోతే అనుమానం విషయంలో నేనూ ఎవరికీ తీసిపోను. జాకెట్లు కుట్టేదాన్ని. బట్ట తెచ్చినావిడ "మీటరు ఉందండీ" అంటే నవ్వుతూనే టేపు తీసి కొలుచుకుంటాను. కూరగాయల బండి దగ్గర కాటా వైపు కాదు, కాటా పట్టుకున్న చేతి వైపు చూస్తాను. అలాంటిదాన్ని, ఒక మనిషికి తల దువ్వడానికి వెళ్ళి ఊరందరి నోళ్ళలో పడ్డాను.

మాది ఉయ్యూరు. చెరకు ట్రాక్టర్లు వెళ్ళే రోడ్డు నుంచి లోపలికి తిరిగితే ముందు మా చర్చి వస్తుంది. దానికి ఎదురుగా టీచర్ గారి డాబా, ఆ పక్కనే మా ఇల్లు. చర్చి మీద రెండు లౌడ్ స్పీకర్లు ఉన్నాయి. ఒకటి రోడ్డు వైపు చూస్తుంది, రెండోది సరిగ్గా టీచర్ గారి పడకగది కిటికీలోకి చూస్తుంది. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. "మీ పాస్టరు గారిని ఒక వారం నా దగ్గరకి పంపవే, ఒత్తులు దిద్దించి పంపుతాను" అని నన్ను ఆట పట్టించేవారు. అంతకుమించి ఆ మైకు గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు.

నేను మూడు తరాల క్రైస్తవురాలిని. పూజ చేసినవి మేం తినం. ఆ సంగతి ఆవిడకి నేను చెప్పలేదు, తనే కనిపెట్టారు. దసరాకి పులిహోర కలిపినా, చవితికి ఉండ్రాళ్ళు చేసినా, వండగానే దేవుడికి వేరుగా, మాకు వేరుగా తీసేవారు. మా గిన్నె వాళ్ళ పూజగది గడప దాటేది కాదు. గోడ మీంచి అందిస్తూ, "ఇంకా దేవుడికి చూపించలేదమ్మాయ్. నిన్ను ఇబ్బంది పెట్టడమెందుకు" అనేవారు. దేవుడికంటే ముందు ఎవరికో తీసిపెట్టడం ఏమిటని వాళ్ళ చుట్టాలు సణిగేవారని తర్వాత తెలిసింది. క్రిస్మస్‌కి మా ఇంటి నుంచి గుడ్డు వెయ్యని కేకు వెళ్ళేది. మా మధ్య మతం గురించి జరిగిన చర్చంతా ఈ గిన్నెలూ పళ్ళేలే.

మా ఆయనకి గుండె ఆపరేషన్ అయినప్పుడు ఆవిడ బస్సెక్కి బెజవాడ వచ్చి, ఆస్పత్రి వరండాలో నా పక్కన కూర్చున్నారు. మధ్యాహ్నం "చిన్న పని ఉందమ్మాయ్" అని వెళ్ళి, సాయంత్రానికి చెమటలు కక్కుతూ తిరిగొచ్చారు. నుదురంతా గట్టిగా తుడుచుకున్నట్టు ఎర్రగా ఉంది. ఎక్కడికెళ్ళారో అని నాకు అనుమానం రాకపోలేదు. ఎండకి అలా అయిందనుకుని ఊరుకున్నాను.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది.

కొడుకు, కోడలు ఇద్దరూ బెజవాడలో ఉద్యోగాలు. పొద్దున్నే బస్సు పట్టుకుంటే చీకటిపడ్డాకే రావడం. పనమ్మాయి అన్నం పెట్టేది, స్నానం చేయించేది, తల దగ్గరికొచ్చేసరికి విసుక్కునేది. టీచర్ గారి జుట్టు ఆ వయసులోనూ నడుము దాటి ఉండేది. నెరిసినా ఒత్తు తగ్గలేదు. దాన్ని కత్తిరించేద్దామని కోడలు అంది. సౌకర్యం కోసమే అంది, అందులో తప్పు లేదు. అయితే ఆ మాట అన్నప్పుడు టీచర్ గారు ఎడం చేత్తో జడ ముందుకు లాక్కుని ఒళ్ళో పెట్టుకోవడం నేను చూశాను. "కత్తెర ఎందుకమ్మా, రోజూ నేనొచ్చి దువ్వుతాను" అన్నాను. కోడలు నా మొహం కేసి ఒక క్షణం ఎక్కువగానే చూసింది.

ఆ వారమే హాల్లో కెమెరా పెట్టించారు. "అత్తయ్యగారి సేఫ్టీ కోసం ఆంటీ" అంది కోడలు. ఆవిడని మంచంతో సహా పడకగదిలోంచి హాల్లోకి మార్చారు. నేను కూర్చునే స్టూలు సరిగ్గా దాని కిందికొచ్చింది. ఎర్ర దీపం వెలుగుతూ ఉండేది. బ్యాంకులో కూర్చుని తను ఫోనులో చూస్తుందని నాకు తెలుసు. మొదటి రోజు దానికేసి చూసి దువ్వెన పైకెత్తి చూపించాను, ఇదిగో ఆయుధం ఇదొక్కటే అన్నట్టు. టీచర్ గారు వంకర పెదవితోనే కిసుక్కున నవ్వారు.

తర్వాత అనుమానం నూనె మీద పడింది. మా వాళ్ళలో నూనె మీద ప్రార్థన చేయించి రోగికి రాసే అలవాటుంది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. నా సంచిలోని కొబ్బరినూనె సీసా చూసి కోడలు, "ఇది షాపులో కొన్నదేనా ఆంటీ?" అంది. ఒళ్ళు మండింది. అయినా అడగడంలో ఆ పిల్ల తప్పేముంది? మర్నాటి నుంచి సంచి ఇంట్లో వదిలేసి, వాళ్ళ నూనే, వాళ్ళ దువ్వెనే వాడాను. అయినా వదల్లేదు. ఒక ఆదివారం గుమ్మంలోనే ఆపింది.

"ఏమనుకోకండి ఆంటీ. మీరు దువ్వేటప్పుడు పెదాలు కదులుతున్నాయి. కెమెరాలో కనిపించింది."

"దారం కొరికే అలవాటమ్మా, నోరు ఊరికే ఉండదు" అని తప్పించుకున్నాను. ఆ పిల్ల నమ్మలేదు. ఆ రోజు నుంచి పెదాలు బిగించి దువ్వాను.

నేనేమీ ఎత్తుగడతో వెళ్ళలేదు. అలాగని నా మనసు అద్దంలా ఉందనీ అనను. మంచి చేసే చోటికి వెళ్ళినప్పుడల్లా మాలాంటివాళ్ళ లోపల ఒక చిన్న లెక్క నడుస్తూ ఉంటుంది, ఈవిడ కూడా మనలోకి వస్తే ఎంత బాగుణ్ణు అని. చిన్నప్పటి నుంచి మాకు అలా నేర్పారు. ఆ లెక్కని నేనే అనుమానించాను. దాన్ని బయట చెప్పులతో పాటు విడిచి లోపలికి వెళ్ళాలని చూసేదాన్ని. కొన్నిసార్లు అది నాతోపాటే లోపలికి వచ్చేసేది.

మా స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఎవరింట్లో జ్వరం వచ్చినా మొదట గడప తొక్కేది ఆవిడే. జాకెట్ ఆది ఇవ్వడానికి వచ్చినప్పుడు, మనసు ఆగక, "పక్కింటి టీచర్ గారి చెయ్యి గురించి ప్రార్థన చెయ్యండమ్మా" అన్నాను. అంతే అన్నాను. ఆ తర్వాత ఫిజియోథెరపీ అతను రోజూ వచ్చి చేయించగా చేయించగా టీచర్ గారి కుడి బొటనవేలు కాస్త కదిలింది. సంతోషం పట్టలేక ఆ మాట కూడా పెద్దావిడ చెవిన వేశాను.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం. ఎవరికి ప్రభువు ఏ మేలు చేశాడో లేచి మైకులో చెప్పుకునే వేళ. పెద్దావిడ లేచి మైకు అందుకున్నారు.

"మన మందిరం ఎదురుగానే, పడిపోయిన ఒక చేతిని ప్రభువు లేపాడండీ! ఎన్నో ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన ఆ తల్లి ఇవాళ మన దేవుణ్ణి పిలుస్తోంది. త్వరలోనే మన మధ్య కూర్చోబోతోంది. గట్టిగా స్తోత్రం చెప్పండి!"

సంఘమంతా స్తోత్రం అంది. పేరు చెప్పకపోతేనేం, మా చర్చి ఎదురుగా చెయ్యి పడిపోయిన టీచర్లు ఎంతమంది ఉంటారు? ఆ మైకు ఎటు తిరిగి ఉందో నాకు తెలుసు. ఆదివారం కాబట్టి కొడుకూ కోడలూ కూడా ఇంట్లోనే ఉన్నారు.

సోమవారం వెళితే గ్రిల్లుకి లోపల తాళం వేసి ఉంది. కోడలు సెలవు పెట్టి ఉండిపోయింది. తాళం తియ్యకుండానే మాట్లాడింది.

"ఇన్నాళ్ళూ మీరు చేసింది ఇందుకా ఆంటీ? అత్తయ్యగారు రాత్రి అన్నం ముట్టలేదు. ఇంక రావద్దండి. ఆ జుట్టు సంగతి మేం చూసుకుంటాం."

చూసుకోవడమంటే కత్తెర అని నాకు తెలుసు. జుట్టు కంటే ఎక్కువగా నన్ను కోసింది వేరే. ఇరవై ఏళ్ళుగా మా గిన్నెని పూజగది గడప దాటనివ్వని మనిషి ఇంట్లోకి, పడుకున్న మంచం దాకా, మా వాళ్ళు నా దేవుణ్ణి మైకులో తోసేశారు. అదీ అబద్ధం చెప్పి. నేను కూడా అందుకే వచ్చానని ఆవిడ నమ్మేస్తే? ఆ ఆలోచనకి ఏడుపొచ్చింది. కుట్టు మిషను మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చాను.

పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. "దేవుని మహిమ కోసమే కదమ్మా చెప్పింది. నువ్వు సంతోషిస్తావనుకున్నాను" అన్నారు. ఆవిడ కళ్ళల్లో కపటం లేదు, అందుకే ఇంకా కోపమొచ్చింది. తిట్టడానికి వీల్లేని మనిషి మీద వచ్చే కోపం చాలా ఇబ్బంది పెడుతుంది.

పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కుర్రవాడు, కొత్తగా వచ్చినవాడు. వచ్చే ఆదివారం లేచి, ఆ మాట నిజం కాదని చెబుతానన్నాను. ఆయన కాసేపు గడ్డం తడుముకున్నారు.

"సిస్టర్, అసలే బయట మన గురించి నానా మాటలు అనుకుంటున్నారు. ఇప్పుడు మనమే తప్పు చెప్పామంటే... మీరు వాళ్ళింటికి వెళ్ళి విడిగా చెప్పండి."

"తాళం వేశారండీ. అయినా మనం చెప్పింది విడిగా కాదు కదండీ, మైకులో."

"మీరు వాళ్ళ పండగ పులిహోర తింటారట కదా" అన్నారాయన, ఎటో చూస్తూ. ఎవరు మోశారో ఆ మాట! ఆ గిన్నె సంగతి మొదట్నుంచీ చెప్పాను. గడప దాటని గిన్నె, చుట్టాల సణుగుడు, అన్నీ. ఆయన విన్నారు.

ఆదివారం లేచి నిలబడ్డాను. మైకు నా చేతికొచ్చేసరికి పాస్టరు గారు ఆంప్లిఫయర్ పెట్టె పక్కకి జరిగి నిలుచున్నారు. నొక్కేస్తారు, మాట మధ్యలో గొంతు నొక్కేస్తారు అనుకున్నాను. ఆయన చేతినే చూస్తూ మాట్లాడాను.

"పోయిన వారం టీచర్ గారి గురించి చెప్పిన మాట నిజం కాదు. వేలు కదిలింది కసరత్తుల వల్ల. ఆవిడ మన సంఘానికి వస్తానని ఎప్పుడూ అనలేదు. ఆవిడ జబ్బు సంగతి మనం మైకులో చెప్పుకోడానికి ఆవిడ అనుమతి లేదు. అందులో నా నోటి తప్పు కూడా ఉంది. నేను ఆవిడ ఇంటికి వెళ్ళేది ఆవిడ నా స్నేహితురాలు కాబట్టి. సంఘం తరఫున ఆవిడ్ని క్షమించమని అడుగుతున్నాను."

స్తోత్రం ఎవరూ అనలేదు. పెద్దావిడ తల వంచుకుని కొంగుతో మొహం తుడుచుకున్నారు. పాస్టరు గారు పెట్టె మీద చెయ్యి వేసి, ఇంకొంచెం శబ్దం పెంచి, నా చేతిలోంచి మైకు తీసుకుని, "క్షమించండమ్మా" అని టీచర్ గారి కిటికీ వైపు తిరిగి అన్నారు. ఒత్తు సరిగ్గానే పలికారు.

రోజులు గడిచాయి. సంఘంలో కొందరు నాకు వందనాలు చెప్పడం మానేశారు. జాకెట్లు వేరే చోట ఇచ్చుకున్నారు. గ్రిల్లుకి తాళం అలాగే ఉంది.

వినాయక చవితి పొద్దున గోడ అవతల నుంచి "ఆంటీ" అని పిలుపు. కోడలు తలస్నానం చేసి, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉంది. చేతిలో మా గిన్నె, అందులో పొగలు కక్కుతున్న ఉండ్రాళ్ళు.

"ఇంకా పూజ మొదలుపెట్టలేదు ఆంటీ. మీది ముందే తీసేశాను. అత్తయ్యగారు మరీ మరీ చెప్పారు." గిన్నె నా చేతికిచ్చి, "తల దువ్వించుకుంటారట. ఎవరు దువ్వెన పట్టుకున్నా తోసేస్తున్నారు. కత్తెర అయితే దగ్గరికే రానివ్వలేదు" అంది.

గిన్నె అక్కడే గోడ మీద పెట్టి వెళ్ళాను. జుట్టు ఉండలు కట్టి ఉంది. స్టూలు వేసుకుని కూర్చున్నాను. కెమెరా ఎర్రగా చూస్తోంది. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడింది. పాయ పాయగా చిక్కు తీస్తుంటే టీచర్ గారు మెల్లగా, మాట కూడదీసుకుంటూ మొదలుపెట్టారు.

"మైకు విన్నానమ్మాయ్. నువ్వు దువ్వేటప్పుడు నాకోసం ప్రార్థన చేస్తావు. నాకు తెలుసు. నీ చెయ్యి నెమ్మదిస్తుంది."

దువ్వెన ఆగిపోయింది.

"చేస్తానండీ."

"ఏం అడుగుతావు?"

"చెయ్యి బాగవ్వాలని."

"అంతేనా? మీ సంఘానికి వస్తానని నేను అనలేదు, నిజమే. నన్ను తెమ్మని నువ్వు అడగలేదా?"

లేదంటే అక్కడితో అయిపోయేది. కోడలు నాకేసే చూస్తోంది.

"ఒక్కోసారి అడిగానండీ" అన్నాను.

గ్రిల్లుకి మళ్ళీ తాళం పడుతుందనే అనుకున్నాను.

"మీ ఆయన ఆపరేషన్ రోజు," అన్నారు చివరికి, "కొండెక్కి అమ్మవారికి మొక్కుకున్నాను. కిందికి దిగాక కుంకుమ తుడిచేసుకుని నీ పక్కన కూర్చున్నాను. చెబితే నువ్వు ఇబ్బంది పడతావని ఇన్నాళ్ళూ చెప్పలేదు." ఎడం చేత్తో జడ పాయ వెతుక్కుని నాకు అందించారు. "ఊఁ, కానియ్యి. ఈ పక్క చిక్కు ఇంకా అలాగే ఉంది."

నేను మళ్ళీ దువ్వడం మొదలుపెట్టాను. కాసేపటికి నా చెయ్యి నెమ్మదించింది. ఆవిడ కళ్ళు మూసుకుని తల ఇంకొంచెం వెనక్కి వాల్చారు.