తాతాజీ దాచిన బ్యాకప్పులు

నర్సీపట్నం బస్టాండు ఎదురు సందులో, మేడ మీద తాతాజీ ఫోటో స్టూడియో. పాతికేళ్ళలో ఎన్నో పెళ్ళిళ్ళు తీశాడు గాని, చుట్టుపక్కల ఊళ్ళకు మాత్రం ఆయన పాస్‌పోర్టు ఫోటోల తాతాజీ. పింఛనుకనీ, రేషన్ కార్డుకనీ, సొసైటీకనీ వచ్చినవాళ్ళను నీలం గుడ్డ ముందు కూర్చోబెట్టి, గడ్డం కాస్త దించమని చెప్పి, రెండుసార్లు నొక్కేవాడు. వాళ్ళలో చాలామందికి జన్మలో ఒంటరిగా తీయించుకున్న ఫోటో అదొక్కటే. మనిషి పోయాక ఇంటివాళ్ళు వచ్చి దాన్నే పెద్దది చేయించుకుని దండ వేసేవారు. అందుకని తాతాజీ ఏ ముఖాన్నీ పారేసేవాడు కాదు. కంప్యూటర్లో ప్రతి ఫోటో కిందా పేరు, ఊరు, ఫోన్ నంబరు, గుర్తుకు ఒకటి రెండు మాటలు రాసుకునేవాడు.

ఆ ఫోటోల సాఫ్ట్‌వేర్ వారానికోసారి, మూసేటప్పుడు, కేటలాగ్ బ్యాకప్ తీయమంటారా అని అడిగేది. తాతాజీ ఏనాడూ వద్దనలేదు. అది పూర్తయ్యేదాకా కుర్చీలోంచి లేచేవాడు కూడా కాదు. పని ముగించుకుని దీపం పెట్టుకున్నంత నిమ్మళంగా ఉండేది ఆయనకు.

కిందటేడు వేసవిలో, పెళ్ళిళ్ళ మధ్యలో, డిస్కు నిండిపోయింది. మర్నాడు మాకవరపాలెంలో ముహూర్తం. కెమెరా కార్డుల్లోని ఫోటోలు దించుకోవడానికి చోటు లేదు. చూస్తే బ్యాకప్పుల ఫోల్డరే రెండు వందల జీబీ దాటి ఉంది. అంత బరువుందంటే ఫోటోలన్నీ అందులో ఉండే ఉంటాయి, మళ్ళీ విడిగా ఎందుకు అనుకున్నాడు. 2016 నుంచి 2021 దాకా ఉన్న పాస్‌పోర్టు ఫోటోలన్నీ ఎంచి, డిస్కు మీంచి తీసెయ్యమని నొక్కాడు. నిజంగానే తీసెయ్యమంటారా అని అడిగింది. అవునన్నాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, హాయిగా పెళ్ళికి వెళ్ళాడు.

ఈ ఆషాఢంలో ఒక ఉదయం గొలుగొండ వైపు నుంచి మహాలక్ష్మమ్మ అనే ఆవిడ మెట్లెక్కి వచ్చింది. అరవై దాటిన మనిషి. ఆయాసం తీరేదాకా బల్ల మీద కూర్చుని, అప్పుడు చెప్పింది.

"మా తమ్ముడు జోగులు పోయాడు బాబూ. నేటికి నాలుగోరోజు. పెద్దకర్మకి ఫోటో కావాల. సొసైటీ కార్డుకని మీరే తీసినారు, నేనూ కూడా వొచ్చేను ఆ రోజు."

"ఇంట్లో వేరే ఏం లేవా అమ్మా?"

"ఫోన్లల్లో ఉన్నాయి, పెళ్ళిళ్ళ గుంపుల్లో సగం తలకాయి. ఆధారుకార్డు మీదున్నోడు మా తమ్ముడే కాడు, ఎవుడో."

తాతాజీ ధీమాగా పాత బ్యాకప్ ఒకటి తెరిచాడు. జోగులు పేరు కొట్టాడు. పేరు వచ్చింది. తేదీ వచ్చింది. ఫోటో ఉండాల్సిన చోట బూడిదరంగు గడి, దాని మూల ఒక ప్రశ్నార్థకం. పైకి జరిపాడు, కిందికి జరిపాడు. అన్నీ అవే గడులు. మరో బ్యాకప్ తెరిచాడు, ఇంకొకటి తెరిచాడు. మూడు వేలమంది పేర్లు పెట్టుకుని, ముఖాలు లేకుండా కూర్చుని ఉన్నారు.

ఆవిణ్ణి కూర్చోమని, వెనక గదిలోకి వెళ్ళి, కంప్యూటర్లు బాగుచేసే స్నేహితుడు శ్రీరామ్‌కి ఫోన్ చేశాడు. అతను వచ్చి పది నిమిషాలు చూశాడు.

"కేటలాగ్ బ్యాకప్ అంటే ఫోటోలు కావు తాతాజీ గారూ. మీరు రాసుకున్న పేర్లు, చేసిన దిద్దుబాట్లు, అంతే. ఫోటోలు ఎక్కడివక్కడే ఉండాలి."

"మరి అంత బరువేటి?"

"ఒకే పుస్తకాన్ని మూడొందలసార్లు రాసి పెట్టుకున్నారు. నాలుగు ఉంచుకుని మిగతావి తీసేస్తే సరిపోయేది."

"ఇప్పుడు వెనక్కి రావా?"

"ఏడాదిగా పెళ్ళిళ్ళ ఫోటోలన్నీ ఆ ఖాళీ చేసిన చోటులోనే దించేశారు కదండీ, పాతవి చెరిగిపోయాయి."

తాతాజీ బయటికి వచ్చి, మహాలక్ష్మమ్మ ఎదురుగా కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చోటు కోసం తనే తీసేశానన్నాడు. ఆవిడకు కంప్యూటర్ సంగతి అర్థం కాలేదు గాని, లేదన్న మాట అర్థమైంది. కోప్పడలేదు.

"మరి అందులో ఏటున్నాది?" అని అడిగింది.

ఆయన చదివాడు. "జోగులు. 2018 ఆగస్టు తొమ్మిది. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. తీసెయ్యొద్దన్నారు. చొక్కా పై బొత్తాం లేదు. నవ్వు ఆపుకోలేక నాలుగుసార్లు తీశాం."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎద్దు పొడిసిన మచ్చది. ఆ రోజు నేనే నవ్వించేను బాబూ, మీరు కసురుకున్నారు నన్ను. ఇంకేటైనా రాసినారా?"

ఇంకేమీ లేదు. ఉన్న ఆ నాలుగు వాక్యాలే ఆవిడ మళ్ళీ చదివించుకుంది.

మర్నాడు తాతాజీ గొలుగొండ వెళ్ళాడు. సొసైటీ కార్డు వాళ్ళింట్లోనే దొరికింది. గోరంత ఫోటో, చెంప మీదుగా ఊదారంగు సీలు. దాన్నే తీసుకొచ్చి మూడు రోజులు పని చేశాడు. సీలు చాలావరకు పోయింది గాని, దవడ దగ్గర వంకీలా చిన్న గీత మిగిలిపోయింది. అది తుడిస్తే దవడ వేరే మనిషిది అయిపోతోంది. అలాగే వదిలేశాడు. కర్మనాడు దండ వేసిన ఆ ఫోటో ముందు నిలబడి మహాలక్ష్మమ్మ, "సాలు బాబూ, ఈడే," అంది. తాతాజీకి మాత్రం ఆ గీత తప్ప ఏమీ కనబడలేదు. పెట్టిన భోజనం తినలేక లేచి వచ్చేశాడు.

శ్రీరామ్ చెప్పినట్టే పాత బ్యాకప్పులు తీసేశాడు. ఫోటోలకు విడిగా రెండు డిస్కులు పెట్టాడు. ఆ మూడు వేల పేర్లున్న బ్యాకప్ ఒకటి మాత్రం తాకలేదు. మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడైనా వినబడితే, ఈసారి ఏ గడి కోసమో అని తలుపు వైపు చూసేవాడు. బస్సులో ఎదురుగా కూర్చున్న ముసలాయన్ని చూసినా, ఈయన ఆ జాబితాలో ఉన్నాడా అని లోపల వెతుక్కునేవాడు. ఇంట్లో భార్య దుర్గాంబ మందలించింది.

"పోయినోళ్ళ కోసం ఎందుకలా అయిపోతున్నారు? ఉన్నోళ్ళని పిలిసి మళ్ళీ తీయండి."

ఆ మాట పట్టుకుని, స్టూడియో తెరవగానే రోజుకు పదిమందికి ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాడు. మీ ఫోటో నా దగ్గర పోయింది, ఒకసారి వస్తే ఊరికే మళ్ళీ తీస్తానంటాడు. కొందరు నవ్వుతారు. కొందరు వస్తారు. ఇప్పటికి రెండు వందల గడుల్లో ముఖాలు చేరాయి. కొన్ని నంబర్లు పలకవు. కొన్నింటికి వేరే గొంతులు పలుకుతాయి.

మొన్న సోమలమ్మ అనే పేరు దగ్గర ఆవిడ కోడలు ఫోన్ ఎత్తింది.

"అత్త పోయి రెండేళ్ళయిందండీ. ఎందుకు, ఆవిడ ఫోటో గాని ఉన్నాదా మీ కాడ? మా కాడ ఒక్కటీ నేదు."

"లేదమ్మా," అన్నాడు తాతాజీ. "ఉండేది."

కోడలు వెంటనే ఫోన్ పెట్టెయ్యలేదు. వెనక పంపు నీళ్ళ చప్పుడు వినబడుతోంది. ఆయన సోమలమ్మ గడి కింద తను రాసుకున్న మాటలు చదవడం మొదలుపెట్టాడు.