ముందు మా గడప తవ్వండి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు నిద్రలేచేది మా అమ్మ దగ్గు. తెల్లవారకముందే మొదలై ఎండెక్కేదాకా వినిపించేది. కంబదూరుకు ఆనుకుని ఉన్న పల్లె మాది. ఆ ఏడు వాన మొహం చాటేసింది. విత్తిన వేరుశనగ మొలిచి, నాలుగాకులు వేసి, చేలోనే మాడిపోయింది. చేను అలా, ఇంట్లో అమ్మ ఇలా. మా నాయన ఎప్పుడు చూసినా ఆకాశం వైపో అమ్మ మంచం వైపో చూస్తూ ఉండేవాడు.

అమ్మది క్షయ అని అనంతపురం ఆసుపత్రిలో చెప్పారు. మానకుండా మాత్రలు మింగితే తప్పక నయమవుతుందని కూడా చెప్పారు. కానీ ఆ రోగం పేరు వినగానే చుట్టాలు రావడం మానేశారు. వచ్చింది పక్కింటి అక్క ఒక్కతే. వరసతో పని లేకుండా పిల్లలమంతా ఆమెను అక్క అనే పిలిచేవాళ్ళం. ఆమెది మా మతం కాదు. భర్త పోయాక ఒంటరిగా ఉంటూ కూలికి పోయేది. నోరు కాస్త పెళుసు, ఎవరినైనా మొహం మీదే అనేసేది. అయినా పొద్దున్నే రాగి గంజి కాచి తెచ్చేది, అమ్మ గుడ్డలు ఉడకబెట్టి ఉతికేది. మా అవ్వ, అంటే నాయన తల్లి, ఆమెను కూతురా అని పిలిచేది.

ఊళ్ళో క్రైస్తవులం కొద్ది ఇళ్ళవాళ్ళమే. ఆదివారం ఒక రేకుల గదిలో కూడుకునేవాళ్ళం. పాస్టరయ్య కళ్యాణదుర్గం నుంచి ఎప్పుడో గానీ వచ్చేవాడు కాదు. అలాంటి రోజుల్లో ఊరూరా తిరిగే ఒక ప్రవక్త మా ఊరికి వచ్చి, మా చర్చి సంఘపెద్ద ఇంట్లో దిగాడు. తెల్లని బట్టలు, మెత్తని గొంతు. మొదటి ప్రార్థన కూటంలోనే ఎవరి ఎద్దు చచ్చిందో, ఎవరి కొడుకు అలిగి వెళ్ళిపోయాడో పేరు పెట్టి చెప్పాడు. అవన్నీ ఆయన దిగిన ఇంట్లో అన్నం దగ్గర నడిచిన మాటలేనని తర్వాత తెలిసింది గానీ, అప్పుడు మా అందరికీ ఒళ్ళు గగుర్పొడిచింది.

తర్వాత ఆయన మా ఇంటికి వచ్చాడు. అమ్మ తల మీద చెయ్యి పెట్టి, చాలాసేపు కళ్ళు మూసుకుని, చివరికి ఇలా అన్నాడు. "ఇది రోగం కాదు. ప్రభువు నాకు చూపించాడు. మీ పక్కింటి గడప ముందున్న బండ కింద ఒక వస్తువు పాతిపెట్టారు. ఎముక, వెంట్రుకలు, గాజుముక్కలు. దాన్ని తీసేదాకా ఈమె లేవదు. ఈ లోపల మాత్రలు మింగడమంటే ప్రభువును నమ్మనట్టే."

నాయన మొహంలో రంగు మారిపోయింది. అమ్మను బతికించుకోవడానికి కొండైనా ఎత్తేటట్టున్న మనిషికి, పట్టుకోవడానికి ఒక కొమ్మ దొరికినట్టయింది. మాత్రల పొట్లం తీసి అటక మీద పెట్టేశాడు. సాయంత్రం అక్క గంజి తెస్తే, వాకిట్లోనే నిలబెట్టి వద్దని పంపించేశాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి మాట లేకుండా వెనుదిరిగి పోవడం నేను మొదటిసారి చూశాను.

ఆ సాయంత్రం నేను ప్రార్థనకు కూర్చుని వెంటనే లేచిపోయాను. చేటలో ఉలవలు చెరుగుతున్న అవ్వ అది గమనించింది.

"ఏమే, కూర్చుంటివి, లేస్తివి. అంతలోకే ఏమైంది?"

"కండ్లు మూసుకుంటే అక్క కనపడతాంది అవ్వా. భయమైతాంది."

"నిన్నటిదాకా కండ్లు మూసుకుంటే ఎవురు కనపడతాండ్రి?"

"అమ్మ."

అవ్వ చేట పక్కన పెట్టింది. నన్ను దగ్గరికి లాక్కుని నిదానంగా చెప్పింది. "దేవునితో మాట్లాడి లేసినోళ్ళకు ధైర్యం రావల్ల. పక్కనుండే మనిషి మీద భయమూ కసీ వస్తే, మధ్యలో ఇంకెవురో మాట్లాడినారని అర్థం. దేవుడు మాట్లాడడని నేను అనడంల్యా. మాట్లాడింది ఆయనేనా అని విచారించుకోమని ఆయనే మనకు బైబుల్లో చెప్పినాడు."

తర్వాత అక్కడే నేల మీద మోకరించింది. అవ్వ ప్రార్థనలు ఎప్పుడూ పొడవుగా ఉండేవి కావు. "ప్రభువా, నీ మాటేదో, నీ పేరు పెట్టుకోని వచ్చిన మాటేదో ఏరి చూపించు" అంది. అంతే. లేచి మళ్ళీ ఉలవలు చెరిగింది. కొంతసేపటికి ఆమె చేతులు ఆగిపోయాయి. ఏదో గుర్తొచ్చినట్టు మా గడప వైపు తిరిగి, చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయింది.

మరునాడు పొద్దున్నే జనం గడ్డపారలతో అక్క ఇంటి ముందు చేరారు. మా సంఘం వాళ్ళే కాదు, వాన రాకపోవడానికి కూడా ఈమే కారణమేమోనని అనుమానం పట్టుకున్న తక్కిన ఊరివాళ్ళు కూడా వచ్చారు. వస్తువు దొరికితే ఆమెను ఊళ్ళో ఉండనివ్వకూడదని కొందరు అప్పటికే అంటున్నారు. మా నాయన చేతిలోనూ గడ్డపార ఉంది. ప్రవక్త ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క తలుపుకు ఆనుకుని ఉంది. అక్కడి నుంచే గొంతెత్తి అంది.

"తవ్వుకోండప్పా. మీ ఇంట్లో మనిషి బతకల్లనే కదా నేను గంజి పోసింది. నన్ను ఇట్ల నిలబెడతారా?"

నాయన తలవంచుకున్నాడు గానీ, గడ్డపార మాత్రం వదల్లేదు. అప్పుడే మా అవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చి, అక్క గడప ముందు బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"తవ్వొద్దని నేను చెప్పడంల్యా. ముందు మా గడప తవ్వండి. మా బండ కింద ఏమీ లేకపోతే, అప్పుడు నేనే లేసి ఈ బండ చూపిస్తా."

ప్రవక్త ముందుకు వచ్చాడు. ప్రభువు తనకు చూపించింది ఈ ఒక్క ఇల్లేనని, అవిశ్వాసంతో అడ్డుపడితే శాపం తగులుతుందని అన్నాడు. జనం ఒక అడుగు వెనక్కి వేశారు. అవ్వ మాత్రం కదల్లేదు.

"అయ్యా, మా గడప మాది. దాన్ని తవ్వుకుంటే మీ దేవునికి కోపమెందుకు? మా దేవునికైతే రాదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతోనే గాలి మారిపోయింది. నాయన ఇక కాదనలేక మా వాకిట్లోకి వచ్చి బండ పెకలించి తవ్వడం మొదలుపెట్టాడు. మూరెడు లోతు పోయేసరికి తెల్లగా ఒక ఎముక బయటపడింది. తర్వాత పచ్చ గాజుముక్కలు. వాటి వెనకే మట్టితో అట్టకట్టిన వెంట్రుకల చుట్ట. నాయన చేతిలోంచి గడ్డపార జారిపోయింది. జనమంతా నోళ్ళు తెరిచి అవ్వ వైపు చూశారు.

"ఏమప్పా, అట్ల చూస్తారు? నా కోడలికి నేనే చేసినానా చేతబడి?" అంది అవ్వ. "సంఘపెద్ద గడప కూడా తవ్వండి. ఈ అయ్య అన్నం తింటాండే ఇల్లే కదా అది."

సంఘపెద్ద నిజం తేల్చుకోవాలనుకున్నాడో ఏమో, తానే ముందు నడిచాడు. అక్కడా అంతే. ఎముకలు, గాజుముక్కలు, తుప్పు పట్టిన మేకులు. అప్పుడు అవ్వ అందరికీ వినపడేలా చెప్పింది. తను కొత్త కోడలిగా వచ్చిన ఏట వంక, అదే వాగు, పొంగి పాత ఊరు కొట్టుకుపోయిందట. ఈ మిట్ట మీద ఇళ్ళు కట్టుకున్నప్పుడు, గడపలు ఎత్తు చేయడానికి అందరూ పాత ఊరి చెత్తదిబ్బ మన్నే మోసుకొచ్చి పోశారట. ఆ మన్ను మోసిన వాళ్ళలో అవ్వ కూడా ఉంది. ఊళ్ళో ఏ గడప తవ్వినా ఇవే దొరుకుతాయి; ఊరూరా తిరిగే ప్రవక్తకు ఆ మాత్రం తెలిసే ఉంటుంది.

అవ్వ ప్రవక్త ముందుకు వెళ్ళి, చేతులు జోడించే అడిగింది. "అయ్యా, దేవుడే నీతో మాట్లాడింటే, మందు మానుకోమని మా కోడల్ని చంపేటట్టు మాట్లాడతాడా? దిక్కులేని ఆడమనిషిని ఊరి బయటకి తరమమంటాడా? నువ్వు విన్నది ఎవురి గొంతో నువ్వే మోకాళ్ళ మీద అడుగుకో. మేమూ నీ కోసం అడుగుతాము."

ఆయన సంచి భుజాన వేసుకుని బస్సు దారి పట్టాడు. ఎవరూ ఆయన్ని ఆపలేదు.

నాయన అక్క దగ్గరికి వెళ్ళి ఏదో అనబోయాడు. అంతలోనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అక్క ఆయన్ని ఎగాదిగా చూసి, "ఏడ్చింది చాల్లే అన్నా. పో, పోయి వదినకు మాత్రలియ్యి" అంది. నాయన పరుగెత్తుకుంటూ ఇంట్లోకి పోయి అటక మీది పొట్లం దించాడు. అమ్మ మాత్ర మింగుతుంటే ఆయన రెండు చేతులతో చెంబు పట్టుకుని నిలబడ్డాడు.

ఆ రోజు రేకుల గదిలో కాదు, మా వాకిట్లోనే, అమ్మ మంచం బయట వేసి ప్రార్థన చేశాం. తవ్విన గుంట ఇంకా పూడ్చలేదు. దాని చుట్టూ కూర్చుని పాడిన పాట ఊరి చివరి దాకా వినిపించిందట. మామూలుగా మా పాటలు వినని వాళ్ళు కూడా గోడలకు ఆనుకుని విన్నారు. మంచం పక్కన అక్క కూర్చుంది. పాట రాకపోయినా చప్పట్లు కొట్టింది. నేను కళ్ళు మూసుకుంటే మళ్ళీ అమ్మే కనిపించింది. ఈసారి నవ్వుతూ.

అమ్మ మాత్రలు చివరిదాకా మానలేదు. దగ్గు ఒక్కసారిగా పోలేదు, మెల్లమెల్లగా పల్చబడింది. మరుసటి ఏడు వాన పడి విత్తనం వేసేటప్పుడు, ఎద్దుల వెనక సాలు వెంబడి గింజలు వదులుతూ నడిచింది మా అమ్మే. గట్టు మీద నిలబడి చూస్తూ అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

ఇప్పుడు నాకూ జుట్టు తెల్లబడింది. ప్రవక్తలు బస్సు దిగి రానక్కర్లేదు, సెల్లులోనే వస్తున్నారు. మా స్త్రీల కూటానికి వచ్చే ఆడపిల్లలు ఆ వీడియోలు చూపించి, ఫలానా వాళ్ళ వల్లే నీకు కీడు అని దేవుడు చెప్పాడంటమ్మా అని బెదురుగా చెబుతారు. నేను వాళ్ళను కోప్పడను. ఆ మాట విన్నాక నీకు మనుషులు దగ్గరయ్యారా దూరమయ్యారా అని అడుగుతాను. ప్రశ్నించి చూడనివ్వని మాటకు తలవంచవద్దంటాను. సత్యమైన దేవుడు మన ప్రశ్నకు ఉలిక్కిపడడు. చాలామంది ఆ జవాబు తమలోనే వెతుక్కుని, మొహం విప్పారి ఇంటికి పోతారు.

మా అవ్వ నాకు పొలం ఇవ్వలేదు, నగ ఇవ్వలేదు. భయానికి దేవుని పేరు పెట్టి ఎవరు తెచ్చినా గుర్తుపట్టే తెలివి ఇచ్చింది. బతుకులో కష్టాలు రాకపోలేదు. కానీ ఆ పొద్దు నుంచి ఈ రోజు వరకు, మోకరించి కళ్ళు మూసుకోవడానికి నేను ఒక్కసారి కూడా భయపడలేదు.