తెలిసే వాయించాను

నేను పెళ్ళి బ్యాండులో క్లారినెట్టు వాయించేవాడిని. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ మొహంలో చిన్న నవ్వొకటి కదులుతుంది. ఎర్ర కోటు, భుజాల మీద జరీ, కారే చెమట, అన్నీ ఆ నవ్వులో ఉంటాయి. నవ్వుకోండి, నాకేం నష్టం లేదు. పాతికేళ్ళు నిండకముందే నాకు వందల సినిమా పాటలు కంఠతా వచ్చు. పల్లవులే కాదు, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే సంగీతం కూడా. ఫలానా పాటలో రెండో చరణానికి ముందు వేణువు ఎన్నిసార్లు పలుకుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడిని. సినిమా పాటంటే అంత పిచ్చి. లోకంలో వేరే సంగీతాలున్నాయని తెలుసు గానీ, వాటితో నాకేం పని అనుకునేవాడిని.

బ్యాండు మా మావయ్యది. మా అమ్మకి తమ్ముడు, నాకు గురువు, నన్ను నలుగురిలో తిట్టే హక్కున్న ఏకైక మనిషి. ట్రంపెట్ వాయించేవాడు. అమలాపురం చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ, చర్చి వాళ్ళ అంత్యక్రియలకీ మేమే వెళ్ళేవాళ్ళం. ఆయన చెప్పే శాస్త్రం ఒక్కటే. "పాట పాటలా ఉండాల్రా. మూడో దెబ్బకి జనం గుర్తుపట్టలేదంటే నువ్వు వాయించనట్టే లెక్క."

కానీ ఎండలో గంటల తరబడి నడుస్తూ వాయిస్తుంటే ఎంతటివాడికైనా చరణం మధ్యలో జారిపోతుంది. అప్పుడేం చేయాలో కూడా మావయ్యే నేర్పాడు. ఆ పాట స్వరాల చుట్టూనే వేళ్ళు అటూ ఇటూ ఆడిస్తూ, ఎవరికీ తెలియకుండా మళ్ళీ పల్లవి మీదికి వచ్చి పడాలి. దాన్ని మేం సర్దుకోవడం అనేవాళ్ళం. అందరం చేసేవాళ్ళం, అందరం సిగ్గుపడేవాళ్ళం. ఎవడు సర్దుకున్నాడో ఆ రోజు భోజనాల దగ్గర వాడి పని అయిపోయినట్టే. విస్తరి ఎత్తేదాకా ఏడిపించేవారు.

తొంభైల చివర్లో ఒకసారి రీడ్లు కొనడానికి రాజమండ్రి వెళ్ళాను. రీడంటే క్లారినెట్టుకి నోటి దగ్గర బిగించే పల్చటి ముక్క, అది లేకపోతే ఆ కర్ర పలకదు. కొనుక్కుని బస్సుకి ఇంకా టైముందని ఒక క్యాసెట్ల షాపులోకి వెళ్ళాను. కింద ఒక అట్టపెట్టెలో ఎవరూ ముట్టుకోని ఇంగ్లీషు క్యాసెట్లు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఒకదాని అట్ట మీద సూటు వేసుకున్న నల్లజాతి మనిషి క్లారినెట్టు పట్టుకుని నిలబడ్డాడు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అప్పటిదాకా నేను చూసిన క్యాసెట్ల మీద హీరోలుండేవారు, హీరోయిన్లుండేవారు, దేవుళ్ళుండేవారు. క్లారినెట్టు వాయించేవాడి ఫొటో ఏ అట్ట మీదా చూడలేదు. జాజ్ అని రాసి ఉంది. మా లైనులో జాజ్ అంటే ఆర్కెస్ట్రా వాళ్ళు వాడే డ్రమ్ముల సెట్టు. లోపల ఏముందో తెలియకుండానే, ఆ ఫొటో కోసం కొన్నాను.

ఇంటికొచ్చి టేప్ రికార్డర్‌లో పెట్టాను. మొదట చక్కటి పాట. మంచి నడక, అందులో హాయిగా వెళ్ళిపోతున్న క్లారినెట్టు. రెండు నిమిషాలు తిరక్కుండానే అతను పాట మర్చిపోయాడు. ఒట్టు, నాకు అలాగే అనిపించింది. చరణం జారిపోయింది, వేళ్ళు కంగారుగా పరిగెడుతున్నాయి, సర్దుకుంటున్నాడు. అయ్యో పాపం అనుకున్నాను. క్యాసెట్టు కోసం వాయిస్తూ కూడా మర్చిపోయాడే, వాళ్ళు దాన్ని అలాగే అమ్మేశారే అని నవ్వుకున్నాను కూడా. అయితే అతను ఎంతకీ సర్దుకోడు. పైకి వెళ్తాడు, ఆగుతాడు, డ్రమ్ముని కవ్విస్తాడు, మళ్ళీ ఎటో వెళ్ళిపోతాడు. ఇంక పాట దక్కదనుకున్న క్షణాన సరిగ్గా దెబ్బ మీద పల్లవిలోకి వచ్చి నిలబడ్డాడు.

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. ఇంకోసారి విన్నాను. అతను మర్చిపోలేదు. మొదటినుంచీ పాట అతని చేతిలోనే ఉంది. మేం సిగ్గుపడి దాచుకునే పనిని అతను తలెత్తుకుని, అందరి ముందూ, కావాలని చేస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాని వెనకే కోపమొచ్చింది. అట్ట లోపలి చిన్న అక్షరాలని డిక్షనరీ పక్కన పెట్టుకుని కూడబలుక్కుని చదివాను. ఈ సంగీతం వీధుల్లో ఊరేగింపులకీ చావులకీ వాయించే బ్యాండుల నుంచి పెరిగిందట. అంటే మాలాంటి వాళ్ళే కదా! పెళ్ళిళ్ళలో ఆఖరి బంతికి కూర్చునే వాళ్ళే అయ్యుంటారు. మరి మేమెందుకు దొంగల్లా సర్దుకోవాలి?

ఆ రోజునుంచి పొద్దున్నే కాలవగట్టు మీద కూర్చుని అదే సాధన. వచ్చిన పాట మొదలుపెట్టడం, అందులోంచి బయటికి వెళ్ళడం, తప్పిపోకుండా తిరిగి రావడం. వారం రోజులు వరసగా తప్పిపోయాను. కాలకృత్యాలకి అటు వచ్చిన మావయ్య విన్నాడు.

"అదేంట్రా, పాటకి చలిజొరమొచ్చినట్టుంది?"

"కొత్త పద్ధతి మావయ్యా."

"గట్టు మీద నీ ఇష్టం. పెళ్ళిలో వాయించావో, కాళ్ళు విరగ్గొడతాను."

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. నేను రెండు నెలలు మాత్రమే ఆగాను.

మాఘమాసంలో ఒక పగటి పెళ్ళి. సఖినేటిపల్లి వైపు ఒక పెద్ద రైతు ఇల్లు. మగపెళ్ళివారు మొగల్తూరు నుంచి నరసాపురం వచ్చి, అక్కడ కార్లతో సహా పంటు ఎక్కి గోదావరి దాటాలి. మేం ఊరి మొదట్లో ఎదురుకోలుకి నిలబడ్డాం. ఆడవాళ్ళ చేతుల్లో పానకం బిందెలు, మా చేతుల్లో వాయిద్యాలు. పది దాటింది, పదకొండూ దాటింది. ఆటు తీసి నీళ్ళు తగ్గి, పంటు ఇసకలో ఆగిందని కబురొచ్చింది. పెళ్ళికూతురి పెదనాన్నగారు మాత్రం, "వాళ్ళు కారు దిగేదాకా వాయిద్యం ఆక్కూడదు" అని మావయ్యకి చెప్పి కుర్చీ వేయించుకుని ముందు కూర్చున్నారు. మాకు వచ్చిన శుభకార్యం పాటలన్నీ అయిపోయాయి. రెండోసారి కూడా అయిపోయాయి. జనం ఆవలిస్తున్నారు. మూడోసారి మళ్ళీ మొదటి పాటే ఎత్తుకున్నాక చరణం దగ్గర నా వేళ్ళు ఆగలేదు. బయటికి వెళ్ళిపోయాను.

హాయిగా తిరిగాను. నిజం చెప్పొద్దూ, అంత సంతోషం నాకు అంతకుముందు ఏ పెళ్ళిలోనూ లేదు. పెదనాన్నగారు చెయ్యెత్తి ఆపేశారు.

"ఏవయ్యా మేస్త్రీ! పెళ్ళికొడుకొచ్చే వేళకి ఆ విలన్ మ్యూజిక్కేంటి? డెన్నులో బాసు సీసా పుచ్చుకుని కూచుంటాడు చూడు, అచ్చం అలాగుంది."

అందరూ పగలబడి నవ్వారు. ఆయన్ని అని లాభం లేదు. మన సినిమాలవాళ్ళు ఇలాంటి సంగీతాన్ని స్మగ్లర్ల డెన్నుకీ క్లబ్బు డాన్సుకీ తప్ప ఇంకెక్కడ వాడారు గనక? మావయ్య ట్రంపెట్ చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు.

"కుర్రోడు పాట మర్చిపోయాడండి. ఎండకి కళ్ళు తిరిగాయండి, ఆయ్. ఈసారికి కాయండి బాబూ."

నన్ను కాపాడ్డానికే అన్నాడు. నేను తల దించుకుంటే చాలు, వ్యవహారం అక్కడితో సరి. కానీ ఆ మాట నా ఒంట్లో ముల్లులా దిగింది. నేను ఇంకేమైనా ఒప్పుకునేవాడిని, మర్చిపోయానని మాత్రం ఒప్పుకోలేను.

"మర్చిపోలేదండి" అన్నాను. "తెలిసే వాయించాను."

మావయ్య నా కాలు తొక్కాడు. పెదనాన్నగారు కుర్చీలో ముందుకి జరిగారు.

"తెలిసే వాయించావా? అయితే అదే మళ్ళీ వాయించు. ముక్క తేడా రాకూడదు. వస్తే తెలిసినట్టు, రాకపోతే మర్చిపోయినట్టు."

భేషైన తీర్పని అందరూ తలలూపారు. మా లోకంలో వచ్చు అంటే మళ్ళీ అలాగే వాయించగలగడమే.

"అదే రాదండి. ఇంకోటొస్తుంది."

"తాడిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాట్ట!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వులు.

"మీకిష్టమైన పాట మీరే చెప్పండి" అన్నాను. "అక్కడ మొదలుపెట్టి, నాకిష్టమైనచోటల్లా తిరిగి, మళ్ళీ అక్కడికే వస్తాను. రాకపోతే ఈ కోటు ఇక్కడే విప్పేసి పోతానండి. మళ్ళీ బ్యాండులో కనపడను."

ఆయన తన పడుచుదనం నాటి పాట ఒకటి చెప్పారు. పల్లవి ఉన్నదున్నట్టు వాయించాను. ఒక చరణం కూడా అలాగే. తర్వాత బయటికి నడిచాను. మిగతా వాయిద్యాలన్నీ ఆగిపోయాయి, ఒక్క బేస్ డ్రమ్ము మాత్రం భయంభయంగా కొడుతోంది. దూరం వెళ్ళాను, ఇంకా దూరం వెళ్ళాను, దెబ్బల లెక్క కాలి బొటనవేలితో పట్టుకున్నాను. ఒకచోట దారి తెలియలేదు. అయినా తొందరపడి సర్దుకోలేదు. ఊపిరి పట్టి ఒక్క స్వరం మీద నిలబడ్డాను, డ్రమ్ము రెండు దెబ్బలు పోనిచ్చాను, మూడో దెబ్బ మీద పల్లవిలో దిగాను.

పెదనాన్నగారి అరచెయ్యి తొడ మీద టప్పున పడింది. ఆయనకే తెలియకుండా పడింది. వెంటనే తీసేసి కండువా సర్దుకున్నారు.

"వచ్చావులే" అన్నారు. "అయినా పెళ్ళికిది పనికిరాదు."

అంతలో కార్ల హారన్లు వినిపించాయి. మావయ్య మామూలు పాట ఎత్తుకున్నాడు, మేమంతా అందుకున్నాం.

కోటు ఒంటి మీదే ఉంది గానీ, మర్నాడు మావయ్య నన్ను ముందు వరసలోంచి తీసేశాడు. "నలుగురిలో నా మాట అబద్ధం చేశావు. వాళ్ళింటికెళ్ళి మర్చిపోయానని ఒక్క మాట చెప్పిరా, మళ్ళీ ముందు నిలబెడతాను" అన్నాడు. అమ్మ కూడా బతిమాలింది. నేను వెళ్ళలేదు. మూడు మాఘమాసాలు వెనక వరసలో, డ్రమ్ముల పక్కన నడిచాను. అక్కడ క్లారినెట్టు జనానికి వినపడదు. అందుకని ప్రతి పెళ్ళిలో, ప్రతి పాటలో, నాకు నచ్చినట్టే వాయించుకున్నాను. ముందు నడిచే మావయ్యకి మాత్రం, నేర్పిన చెవి కదా, వినపడేది. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి ఆపమనలేదు.