ముకుందం వాద్యార్‌కు అరవం వచ్చిన ఏడాది

ముకుందానికి అరవం వచ్చుననే విషయంలో తిరుపతిలో ఎవరికీ అనుమానం లేదు. ఇరవై నాలుగేళ్ళు వచ్చేదాకా అతనికీ లేదు.

వాళ్ళది కోవెల కైంకర్యం చేసుకునే కుటుంబం. ఇంట్లో అవ్వ మాట్లాడేది అరవం. నాయన మాట్లాడేది సగం అరవం, సగం తెలుగు, కోపమొస్తే సంస్కృతం. గోష్ఠిలో నిలబడి దేవుడి మీది పాశురాలు అందుకున్నాడంటే, పక్కవాడు ఊపిరి తీసుకునేలోగా ముకుందం రెండు పాదాలు ముందుండేవాడు. అయితే వాళ్ళింట్లో పాశురాల పుస్తకాలున్నాయే, అవి అరవ పాశురాలే గానీ అచ్చయింది మాత్రం తెలుగు అక్షరాల్లో. ఆ వీధిలో అన్ని ఇళ్ళలోనూ అంతే. అరవ లిపిని అతను చూసిందల్లా మద్రాసు బస్సుల నెత్తిమీదే. ఆ బస్సుల మీద ఇంగ్లీషు కూడా ఉండేది కాబట్టి దానితో పని పడలేదు.

డెబ్బై నాలుగులో టీచరు ఉద్యోగానికి చిత్తూరు పిలిచారు. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు.

“అరవం వచ్చునా అప్పా?” అన్నాడు నడిమి ఆయన.

“వచ్చునండీ.”

“యాదీ, ఏమన్నా చెప్పు సూద్దాం.”

ముకుందం గొంతు సవరించుకుని ఒక పాశురం ఎత్తుకున్నాడు. మొదటి పాదానికే ఎడమవైపు ఆయన బల్ల కింద చెప్పులు విడిచేశాడు. కుడివైపు ఆయన కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. అంత భక్తిలో ఉన్న మనిషి కళ్ళు తెరిచి, “ఇదే రాసి సూపించు” అని ఎలా అడుగుతాడు? అడగలేదు. తమిళం మాట్లాడడం, చదవడం, రాయడం వచ్చునని టైపు కొట్టిన కాగితం ముందుకు తోశారు. ముకుందం దాని కింద చక్కగా తెలుగులో సంతకం పెట్టాడు.

అతన్ని వేసిన ఊరు సత్యవేడుకు ఐదు మైళ్ళలో ఉన్న వేలంపట్టు. పద్నాలుగేళ్ళ కిందట రాష్ట్రాల హద్దురాయి జరిగినప్పుడు ఆ ఊరు ఉన్నచోటనే ఉండి మద్రాసు నుంచి ఆంధ్రకు వచ్చేసింది. పిల్లలకు ఇంట్లో అరవం, వీధిలో అరవం. బడి కూడా అరవం బడే గానీ, అరవం వచ్చిన పంతులు దొరక్క రెండేళ్ళుగా దానికి తాళం వేసి ఉంది. ముకుందం బస్సు దిగేసరికి ఊరు ఊరంతా ఎదురొచ్చింది. అక్కడ పంతుల్ని వాద్యార్ అంటారు. “వాద్యార్ వచ్చేసినాడు” అని ఎవరో అరిచారు. అతను చేతిలోని పుస్తకాన్ని గబుక్కున సంచిలో దాచేశాడు. ఎందుకంటే, సత్యవేడులో బస్సు కోసం నిలబడ్డ గంటసేపూ సమితి ఆఫీసులో ఇచ్చిన అరవ వాచకం తిరగేస్తూనే ఉన్నాడు. అందులో బొమ్మలు తప్ప ఇంకేమీ అర్థం కాలేదు.

అబద్ధం ఆడాలని అనుకుని ఆడింది కాదు కదా, నాలుగు రోజుల్లో ఏదో దారి చూద్దామనుకున్నాడు. దారి కోమలవల్లి రూపంలో దొరికింది. తొమ్మిదేళ్ళ పిల్ల. తాళం పడకముందు ఒకటో తరగతి చదివి, తర్వాత ఇంట్లో అవ్వ దగ్గర చదవడం నేర్చుకుంది. ముప్పై ఒక్కమందిలో గడగడా చదివేది ఆ పిల్లే. ముకుందం దర్జాగా కుర్చీలో కూర్చుని, “కోమలా, పాఠం చదువు” అనేవాడు. ఆమె చదివితే అందరూ వల్లించేవాళ్ళు. అర్థం మాత్రం అతనే చెప్పేవాడు, కథలు కలిపి, నవ్వించి, బ్రహ్మాండంగా. ఇక పలకలు దిద్దడమంటారా, ముప్పై ఒక్క పలకకూ ముప్పై ఒక్క రైటు. ఊళ్ళో తల్లులు మురిసిపోయారు. మా వాడు ఒక్క తప్పు రాయడు అని.

ఇది కోమలవల్లికి నచ్చలేదు. తను కష్టపడి రాసినదానికీ, పక్కవాడు ముక్కు చీదుకుంటూ రాసినదానికీ ఒకటే రైటు ఏమిటి? ఒకరోజు ఆమె అతని ముందు పలక పెట్టింది. ముకుందం చూసి, రైటు కొట్టి, “బాగుండాది, గుండ్రంగా రాసినావు” అన్నాడు.

బడి వదిలాక ఆమె ఒక్కతే మిగిలింది. వాళ్ళు మాట్లాడుకున్నది అరవంలోనే. మనం మన మాటల్లో చెప్పుకుందాం.

“వాద్యార్, ఇదేందో సదువు.”

“నువ్వు రాసిందే గదమ్మా.”

“నేనేమీ రాయలా. కోడి గీరినట్టు ఊరికే గీకినా.”

ముకుందం చేతిలో బెత్తం ఉంది. గద్దించి పంపేయొచ్చు. పలకను చూశాడు, పిల్లను చూశాడు.

“నీకు రాదా?” అంది ఆమె, చాలా మెల్లగా.

“రాదు.”

ఆమె చటుక్కున వాకిలివైపు చూసింది, ఎవరైనా విన్నారేమోనని. సిగ్గు అతనికంటే ఆమెకే ఎక్కువైనట్టుంది. “ఎవురికీ చెప్పను. మా పాటికి తప్ప” అంది. పాటి అంటే వాళ్ళ అవ్వ. “పాటికి చెప్పకపోతే నాకు కూడు దిగదు.”

ఆ సాయంత్రమే ముకుందం వాళ్ళింటికి తానే వెళ్ళాడు. పాటి పేరు అమృతవల్లి. అరుగుమీద కూర్చుని కందులు చెరుగుతోంది. ఆమెకు అన్నీ తెలిసిపోయినట్టు చాట చప్పుడులోనే వినిపించింది.

“రేపే చిత్తూరు పోయి నిజం చెప్పేస్తాను పాటీ. ఇంకెవరినన్నా పంపమంటాను.”

“పంపుతారా?”

ముకుందం అరుగు అంచున కూర్చున్నాడు.

“రెండేండ్లు పంపలేదు సామీ. నువ్వు పోతే మళ్ళా తాళం. ఈ పిల్ల మళ్ళా మేకలెంబడి పోతాది. నీకు సదవను రాకపోయినా, మాట్లాడనన్నా వస్తాది. తాళానికి అదీ రాదే.” చాట పక్కన పెట్టింది. “తనిఖీ ఎప్పుడుండాది?”

“మార్చిలో.”

“ఇది ఆవణి నెల, మీ శ్రావణం. ఆరు నెలలుండాదిలే. లోపలికొచ్చి కాళ్ళు కడుక్కో.”

పెట్టెలోంచి గుడ్డలో చుట్టిన పుస్తకం తీసింది. ఆమె పెనిమిటి భజనగోష్ఠి నడిపినప్పటిది. తెరిచి మొదటి అక్షరం కింద వేలు పెట్టింది. ఆ పేజీ పైన దేవుడి బొమ్మ చూసి ముకుందం గుర్తుపట్టాడు. తను రోజూ పాడే మేలుకొలుపు పాశురాలే! ప్రాణం లేచొచ్చింది. గొంతెత్తి అందుకున్నాడు. పాటి వేలు రెండో మాట దగ్గరుంటే అతని నోరు మూడో పాశురంలో ఉంది.

“నోరు మూసుకోని సదువు సామీ!” అంది పాటి. “నీ నోటికి అన్నీ వచ్చు. రావాల్సింది కంటికి.”

అదీ అసలు చిక్కు. ఒక్క మాట చూస్తే చాలు, మిగతాదంతా లోపలినుంచి దానంతటదే వచ్చేసేది. అక్షరాలు చూసే పనే పడేది కాదు. చివరికి పాటి ఒక ఉపాయం కనిపెట్టింది. పేజీ అడుగునుంచి పైకి, పాదం చివరి మాటనుంచి వెనక్కి చదివించింది. వెనక్కి చదివితే ఎంత గొప్ప పండితుడికైనా పాశురం సాయం రాదు. ముకుందం ఒకటో తరగతివాడిలా తడబడుతుంటే, గడప మీద కూర్చున్న కోమలవల్లి చేతులతో నోరు మూసుకునేది.

పది దినాలయ్యాక పాటి, “ఊరికే నేర్పేది లేదు. నీ తెలుగక్షరాలు నాకు చెప్పు. సత్యవేడులో బస్సెక్కాలంటే పదిమందిని అడగాల్సి వస్తా ఉండాది” అంది. ముకుందం అదే పాశురాన్ని గోడమీద తెలుగులో రాశాడు. ఆమె ఇటు పుస్తకం, అటు గోడ చూసుకుంటూ, “ఇన్ని క లెందుకు సామీ మీకు? మాకు ఒకటే సరిపోతాది” అని సణుగుతూనే నేర్చుకుంది. మర్నాడు బడిలో నల్లబల్లకు నడుమ గీత పడింది. ఎడమపక్క అరవం, కుడిపక్క తెలుగు. పిల్లలకు నోటికి వచ్చిన పాటే రెండువైపులా. సంక్రాంతి పోయేసరికి సగంమంది రెండువైపులా చదువుతున్నారు. పలకల మీద రైట్లు తగ్గాయి. తల్లులు కాస్త నొచ్చుకున్నారు.

ఒకటి మాత్రం ముకుందం గమనించలేదు. అతనికి చదవడం, రాయడం వచ్చిన అరవమంతా ఆ ఒక్క పుస్తకంలోదే.

మార్చిలో సమితి జీపు వచ్చింది. అందులోంచి డిప్యూటీ ఇన్‌స్పెక్టరు దామోదరం, ఆయన వెంట ఒక హైస్కూలు తమిళ పండితుడు దేవనాథన్ దిగారు. పిల్లలు చక్కగా చదివారు. దామోదరం సంతోషపడి కాఫీ గురించి ఆలోచిస్తున్నాడు. దేవనాథన్ రాత పుస్తకాలు తెరిచాడు. మద్రాసులో ఉన్న అన్నకు లేఖ రాయమని ముకుందం ఇచ్చిన పని అందులో ఉంది. పండితుడు ఒకటి చదివాడు. ఇంకొకటి చదివాడు. అతని భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

“ఏందయ్యా నవ్వతావు?” అన్నాడు దామోదరం.

“సార్, ప్రతి పిల్లా మద్రాసులో ఉండే అన్నను నిద్ర లేపతా ఉండాది. తెల్లారింది, కోళ్ళు కూసినాయి, కన్ను తెరువు సామీ అని. మా తాతల తాతలు కూడా ఇట్ల రాయరు సార్.” కళ్ళు తుడుచుకుని ముకుందం వైపు తిరిగాడు. “ఎవురయ్యా నీకు అరవం నేర్పింది?”

ఇంట్లో నేర్చుకున్నానంటే సరిపోయేది. ముకుందం నోటిదాకా వచ్చింది కూడా. ముప్పై ఒక్కమంది చూస్తున్నారు. వాళ్ళలో ఒకతెకు నిజం తెలుసు.

“ఈ ఊళ్ళో అమృతవల్లి పాటి నేర్పింది సార్. ఈడికి వచ్చినాకనే.”

దామోదరం ఫైలు తెరిచి సంతకం కాగితం బయటికి తీశాడు. “అయితే ఇది అబద్ధమా?”

“ఆ దినం అబద్ధమే సార్.”

“ఈ దినం?”

“ఈ దినం ముక్కాలు నిజం.”

బయట జీపు దగ్గర ఎవరో కూడబలుక్కుంటూ చదవడం వినిపించింది. “పం... చా... య... తీ... స... మి... తి.” దామోదరం కిటికీలోంచి తొంగిచూశాడు. జీపు రేకు మీద వేలు పెట్టుకుని ఒక ముసలావిడ నిలబడి ఉంది.

“ఎవురామె?”

“ఆమే సార్, మా వాద్యార్‌కు వాద్యార్” అంది కోమలవల్లి, తెలుగులో.

దామోదరం కాగితాన్ని ఫైల్లో పెట్టాడు, మళ్ళీ బయటికి తీశాడు. దాన్ని పైకి పంపితే ఉద్యోగం పోతుంది, బడి మూతపడుతుంది. పంపకపోతే తన ఉద్యోగానికి తంటా.

“ఇట్ల సెయ్యప్పా” అన్నాడు కడకు. “ఏప్రిల్‌లో ఏడో తరగతి పరీక్ష ఉండాది. సత్యవేడు పోయి పిల్లకాయల్తో కూర్చోని అరవం పేపరు రాయి. పాసైతే ఈడనే ఉండు. తప్పితే ఈ కాగితం నేనే పైకి ఎత్తుకోని పోతా. మళ్ళా నన్ననొద్దు.”

“నిద్ర లేపకుండా రాయి” అన్నాడు దేవనాథన్. పోతూ పోతూ తన సంచిలోని తమిళ వారపత్రికలు రెండు బల్లమీద పెట్టి వెళ్ళాడు.

పరీక్షనాడు ముకుందం నామం పెట్టుకుని, పంచె కట్టుకుని, మోకాళ్ళు పట్టని బెంచీలో ఇరుక్కున్నాడు. పర్యవేక్షణకు వచ్చిన పంతులు నమస్కారం పెట్టి, “తమరు కుర్చీలో కూర్చోండి” అన్నాడు. హాల్ టికెట్ చూపించాల్సి వచ్చింది. పక్క బెంచీ కుర్రాళ్ళు మూడు గంటలూ నవ్వాపుకోలేకపోయారు.

ఫలితాలు జూన్‌లో వచ్చాయి. నలభై ఒకటి. ముప్పై ఐదొస్తే పాసు. సత్యవేడు నుంచి బస్సు కోసం ఆగకుండా ఐదు మైళ్ళూ నడిచి వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు.

“పాసు పాటీ! నలభై ఒకటి!”

“నూటికా?” అంది పాటి.

“ఆ.”

పాటి మనవరాలి ముఖం చూసింది. మనవరాలు నేలకేసి చూసింది. ఇద్దరికీ అతని కోసం కాస్త సిగ్గుగా ఉన్నట్టుంది. పాటి లోపలికి వెళ్ళి చాప తెచ్చి పరిచింది.

“కూర్చో సామీ. నలభై ఒకటి వచ్చినోడు మా పిల్లలకు ఎంత నేర్పతాడు? అరవై వచ్చేదాకా వదిలేది లేదు.”

ముకుందం కండువాతో ముఖం తుడుచుకుని కూర్చున్నాడు. వేలంపట్టులో అతను తొమ్మిదేళ్ళు పనిచేశాడు.